మా ఇంటి పరధ్యానం

జూన్ 1, ఆదివారం

అన్నయ్య పంపిన నాలుగు ఫోటోల్లోనూ పాపకి ఉన్నిటోపీ ఉంది. రోహిణికార్తెలో ఉన్నిటోపీ ఏమిటని అప్పుడే అనుకోవలసింది.

ఆరాధన అయ్యాక అమ్మా నేనూ కాట్రేనికోన వెళ్ళాం. జాస్మిన్ వదిన పుట్టింట్లో మంచంమీద ఒత్తిగిలి పడుకుని ఉంది. అమ్మ పాపని ఒళ్ళోకి తీసుకుని, "చెమటలు పట్టేస్తన్నాయి కదండీ పిల్లకి" అంటూ టోపీ లాగేసింది. నుదుటి పైన నడిమధ్య తెల్లటి జుట్టు కుచ్చు. సున్నం వేసే కుంచె అంచులా. సరిగ్గా అప్పుడే పాప కళ్ళు తెరిచింది. రెండూ నీలం.

నాకు కుడిదొక్కటే. పాపకి రెండూ.

వదినవాళ్ళ అమ్మగారు నవ్వి, "మీ దొరల పోలిక ఎక్కడికి పోద్దండీ వదినగారూ" అన్నారు. అమ్మ సిగ్గుపడింది, సంతోషపడింది, కొంగు సర్దుకుంది. మా ఇంట్లో ఈ మాటకి వయసుని బట్టి అర్థం మారుతుంది. మామ్మ చిన్నతనంలో ఇది తిట్టు. మామ్మని కన్న మార్తమ్మ మిషను బంగళాలో దొరగారి దగ్గర పనిచేసేదనీ, అందుకే మామ్మకి ఒక కన్ను నీలమనీ. అమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి తిట్టు కాస్తా గొప్ప అయిపోయింది. "మీ ఆయనవాళ్ళది దొరల రక్తమంటగా" అని పెళ్ళి భోజనాల్లోనే ఎవరో అడిగారట. ముప్ఫైరెండేళ్ళయినా అమ్మ ఆ మాట మర్చిపోలేదు.

మామ్మ రాలేదు. మోకాళ్ళంది. శుక్లం తీయించుకుని పదకొండేళ్ళయినా ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లకళ్ళద్దాలు ఇప్పటికీ తియ్యదు.

నేనూ పాపని ఎత్తుకున్నాను. కుడికంట్లో గోధుమరంగు లెన్సుతో, మొన్ననే రంగు వేసిన జుట్టుతో. లెన్సులు జతగానే అమ్ముతారు. ఒకటి పెట్టుకుంటాను, ఒకటి డబ్బాలోనే ఎండిపోతుంది.

బయల్దేరుతుంటే అన్నయ్య పక్కకి పిలిచి, "ఏడోనెల్లో గుండు చేయించేద్దామే నిర్మలా. మళ్ళీ నల్లగా వత్తాదంట" అన్నాడు. వాడికీ నుదుటి పైన రూపాయి బిళ్ళంత మేర తెలుపే. పదహారో ఏట టెన్షన్‌కి నెరిసిందని చెప్పుకుంటాడు.

నల్లగా రాదని చెప్పలేదు. నేను జువాలజీ ఎమ్మెస్సీ. నాకు తెలుసు.


జూన్ 19, గురువారం

కాలేజీ తెరిచి వారమైంది. స్టాఫ్‌రూంలో ఎడమగోడకి ఆనుకున్న కుర్చీ నాది. ఎవరొచ్చినా నాకు కుడిపక్కనే కూర్చోవాలి. మూడేళ్ళ కిందట చేరిన రోజున ఈ కుర్చీ కోసమే అందరికంటే ముందు వెళ్ళాను. ఇంగ్లీషు చెప్పే సౌజన్య, నాకు గోడలంటే ఇష్టమనుకుంటుంది.

నేను బోర్డువైపు తిరిగి ఉన్నప్పుడు ఒక పక్క వరస పిల్లలు ఏమడిగినా నాకు వినిపించదు. వాళ్ళు నాకు పెట్టిన పేరు ఇవాళ సౌజన్య చెప్పి తెగ నవ్వింది. "పొగరు మేడం." నేనూ నవ్వాను. చెవిటి మేడం కంటే చాలా నయం.

మా ఇంట్లో దీనికి ఇంకో పేరుంది. పరధ్యానం. నాన్న బడిపంతులు కాబట్టి ఆయనకి బాగా నప్పింది. పిలిస్తే పలికేవారు కాదు. "దానం మేష్టారికి పరధ్యానమండి, ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉంటారు" అనేవారు ఊళ్ళో. పోయేదాకా నాన్న అలాగే గౌరవంగా, వినపడకుండా బతికారు. మూడో తరగతిలో నేను పలక్కపోతే అమ్మ మురిసిపోయి, "అచ్చం నాన్న పరధ్యానమే" అంది. నా ఎడమచెవి పనిచెయ్యదని నాకు పన్నెండో ఏట తెలిసింది, ఫోను ఆ పక్క పెట్టుకున్నప్పుడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పరధ్యానం పోయి చెవుడు వస్తుంది.

డిగ్రీలో ప్రాక్టికల్ రికార్డుకి మీ కుటుంబంలో ఏదైనా ఒక లక్షణం తీసుకుని వంశవృక్షం గియ్యమన్నారు. పక్కింటివాళ్ళ కుటుంబం గీసి పైన మా ఇంటిపేరు పెట్టాను. నాలుక గొట్టంలా మడవగలగడం. పదికి పది వేశారు. ఆ పాఠం చివరనే ఒక పేరు చదివాను, వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్. ముందు తెల్లకుచ్చు, నీలం కన్ను, కొందరికి చెవుడు, ఒకరికుంటే పిల్లల్లో సగంమందికి రావచ్చు. ఒక్క పేరా. మామ్మ, నాన్న, అన్నయ్య, నేను ఆ పేరాలో ఇరుక్కోకుండా పట్టేశాం. దొర ఎక్కడా లేడు.

పుస్తకం మూసేశాను. ఈ మధ్య ఆ పేజీ ఎక్కువగా గుర్తొస్తోంది.


జూలై 9, బుధవారం

పాపకి ఆరోవారం సూదులు. మా కాలేజీ ఉన్న అమలాపురమే కాబట్టి నేనూ వెళ్ళాను. డాక్టరుగారు ఏదో అడిగారు, ఏదో చెప్పాను. వాన.


జూలై 12, శనివారం

ఏదో కాదు.

ఆరోజు అన్నయ్యకి మండలాఫీసులో సెలవు దొరకలేదు. వదిన ఒక్కతే పాపతో బస్సెక్కి వచ్చి, నన్ను తోడు రమ్మంది. పాపని చూస్తానని సౌజన్య కూడా వెంటబడింది. వదిన బిల్లు కట్టడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళింది. పాప నా చేతుల్లో. డాక్టరుగారు పెద్దాయన. టార్చి వేసి కళ్ళు చూశారు. వేలితో కుచ్చు పైకెత్తి చూశారు.

"మీరేమవుతారమ్మా?"

"మేనత్తనండి."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి కళ్ళు గానీ, జుట్టు గానీ ఉన్నాయా? ఎవరికైనా చెవులు వినపడకపోవడం?"

సౌజన్య నా కుడిపక్కన నుంచుని ఉంది. మూడేళ్ళుగా నా రెండు కళ్ళూ ఒకటే రంగని నమ్ముతున్న మనిషి.

"లేదండి" అన్నాను. అక్కడ ఆగినా సగం తప్పుతో పోయేది. "మాకు దొరల పోలికండి. మా ముత్తవ్వ మిషను బంగళాలో చేసేదంట. అప్పట్నించీ మధ్యమధ్యలో ఇలా వస్తుంటుందండి" అని నవ్వాను.

డాక్టరుగారూ నవ్వారు. "ఈ కథ ఇంకోచోట కూడా విన్నానమ్మా. సరే అయితే. ఇంట్లో ఎవరికైనా వినికిడి సమస్య ఉంటే కాకినాడ పంపి పాపకి పరీక్ష చేయిద్దామనుకున్నాను. లేదంటున్నారుగా." పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

బయటికి రాగానే సౌజన్య, "దొరసానివని ఇన్నాళ్ళూ చెప్పలేదేంటే" అంది. నాకు బాగానే అనిపించింది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసీ దండగ. బాగానే అనిపించింది.

మామ్మ ఒక జీవితకాలం సిగ్గుపడి, చివరికి నల్లద్దాల వెనక దాచుకున్న మాటని నేను తీసి పువ్వులా తల్లో పెట్టుకున్నాను.


జూలై 20, ఆదివారం

కాట్రేనికోన వెళ్ళాను. పాపకి వినిపిస్తోంది. స్టీలుగ్లాసు పడేస్తే కళ్ళు ఆర్పింది.

గ్లాసు పడటం చూసి ఆర్పిందేమోనని, రెండోసారి తలవెనకనుంచి పడేశాను. కదల్లేదు. కానీ అప్పుడు పాలు తాగుతోంది. పాలు తాగేటప్పుడు ఎవరైనా ఏం పట్టించుకుంటారు.

మూడోసారి పడెయ్యలేదు. వదిన, "చేతుల్లో ఏం పట్టు లేదేంటే నీకు" అంది.


జూలై 27, ఆదివారం

పసిపిల్లల వినికిడి గురించి చదివాను. మొదటి నెలలో పరీక్ష చెయ్యాలి. మూడో నెలకి తేలాలి. ఆరో నెలలోపు చెవులకి యంత్రాలు పెట్టాలి. మాటలు చెవిలో పడకుండా గడిచిన నెలల్ని తర్వాత పూడ్చుకోవడం కష్టమట.

పాపకి రేపటికి రెండు నెలలు. టైముంది.

చెప్పాలంటే ఏముంది. వదినతో ఒక ముక్క. ఆ ముక్క వెనక ఇంకో ముక్క రావాలి, నీకెలా తెలుసని. అప్పుడు నా చెవి. నా చెవి వదినకి, వదిన నుంచి అన్నయ్యకి, అన్నయ్య నుంచి ఊరికి, ఊళ్ళోంచి నా దగ్గర చదివే పిల్లలకి. పొగరు మేడం ఒక్క పూటలో దిగిపోతుంది.

ఇది రాస్తుంటే ఎంత చిన్న కారణమో కనిపిస్తోంది. పేజీ మూసేస్తే మళ్ళీ పెద్దదైపోతుంది.


ఆగస్టు 6, బుధవారం

పదోవారం సూదులు. ఇన్విజిలేషన్ ఉంది రాలేనన్నాను. లేదు. సౌజన్య తెచ్చిన పులిహోర తిని, గోడపక్కన కూర్చుని, గడియారం పన్నెండు దాటేదాకా పేపర్లు దిద్దాను.


ఆగస్టు 17, ఆదివారం

వదిన ఫోను చేసింది. వాళ్ళ వీధిలో పెళ్ళట.

"ఏం చెప్పమంటావు నిర్మలా, ఊరేగింపు మా గుమ్మం ముందే అరగంట ఆగిపోయింది. బేండుమేళం, బాణసంచా, ఇంట్లో గిన్నెలు అదిరిపోతన్నాయి. మీ మేనకోడలు చూస్తే హాయిగా నిద్దరోతంది. వచ్చినోళ్ళందరూ ఏం శాంతమండీ ఈ పిల్లది అనేవోళ్ళే. నీ పోలికే అన్నాను. నువ్వూ అంతే కదా, నెత్తిమీద పిడుగుపడ్డా పలకవు."

ఆయ్ వదినా అన్నాను.


ఆగస్టు 24, ఆదివారం

మూడోనెల వెళ్ళకుండా పాపని మా ఇంటికి తీసుకొచ్చాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పేరు పెట్టారు. కెజియా. వచ్చినవాళ్ళు తిని వెళ్ళారు. వదిన లోపల పడుకుంది. అమ్మ గిన్నెలు తోమిస్తోంది.

మామ్మ వసారాలో కాళ్ళు చాపుకుని, వాటిమీద పాపని బోర్లా వేసుకుని నూనె రాస్తోంది. నేను పక్కన తువ్వాలు పట్టుకుని కూర్చున్నాను. రాస్తూ రాస్తూ మామ్మ వంగి, పాప కుడిచెవి దగ్గర నాలుకతో టక్కుమనిపించింది. ఎడమచెవి దగ్గర. మళ్ళీ కుడి దగ్గర, గట్టిగా. పాప తన పిడికిలి తను చీక్కుంటోంది.

"దీనికి మీ నాన్న పరధ్యానమేనే" అంది మామ్మ. "ఆడికన్నా ఎక్కువ."

నేను తువ్వాలు మడత పెట్టాను.

"డాక్టరు అడగలేదా?"

"అడిగేరు."

"ఏం చెప్పేవు?"

చెప్పాను. బంగళా మాటతో సహా. నవ్వాననే మాటతో సహా.

మామ్మ నూనె రాయడం ఆపలేదు. వీపు, నడుము, పిక్కలు. పాదాల దాకా వచ్చాక అంది.

"మా యమ్మ బంగళాలో ఎప్పుడూ చెయ్యలేదే. ఊడుపులకెళ్ళేది, కోతలకెళ్ళేది. బంగళా మెట్లెక్కింది ఒక్కపాలే, నాకు జొరమొత్తే మందుకని. అప్పటికి నాకు మూడేళ్ళు, ఈ కన్నుతోనే ఉన్నాను. మా నాన్న ఎంటే ఉన్నాడు. మందిచ్చింది దొరసానమ్మ. దొర ఊళ్ళోనే లేడు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు మామ్మా?"

"చెప్పేను. ఊహొచ్చిన కాణ్ణించీ చెప్తానే ఉన్నాను. నవ్వేవోళ్ళు. మీ అమ్మకి చెప్తే, ఊరుకోండి అత్తయ్యగారూ, ఇప్పుడది తప్పేం కాదు అంది."

పాపని వెల్లకిలా తిప్పింది. తెల్లకుచ్చుకి కూడా నూనె రాసి వెనక్కి దువ్వింది.

"మా యమ్మకీ ఉండేది ఇది. పొయ్యిమసి ఆముదంలో కలిపి రాసుకునేది. తలంటుకున్న రోజు నాకొక్కదానికే కనపడేది. ఎవరితోనూ అనకే అనేది. నేను అనలేదు. అప్పుడు అనుంటే, మీ అమ్మ పోలికే కదా అని నలుగురూ నోరు మూసుకుందురు."

బాత్‌రూంలో నా రంగుపెట్టె, బ్రష్షు, పాత దువ్వెన ఒక సంచిలో పెట్టి తలుపు వెనక వేలాడదీస్తాను. తలుపు తెరిచే ఉంది, ఆ సంచి వసారాలోంచి కనిపిస్తోంది.

"నువ్వు చదువుకున్నావుగా" అంది మామ్మ. "ఇదేదో పుస్తకాల్లో ఉండదా?"

"ఉంది మామ్మా. తల్లినుంచి గానీ తండ్రినుంచి గానీ వస్తుంది."

"నీకెప్పట్నించి తెలుసు?"

"డిగ్రీనుంచి."

ఆ నల్లద్దాలు నా వైపు తిరిగాయి. వాటిలో నేనే కనిపించాను, రెండుసార్లు, చిన్నగా.

"అయితే ఆరేళ్ళబట్టీ మా యమ్మ తప్పేం లేదని నీకు తెలుసన్నమాట."

అడగలేదు, చెప్పింది. నాకు మామ్మ సంగతి ఎప్పుడూ తట్టనే లేదు. ఆరేళ్ళూ ఆ పేజీని నా చెవి గురించి అనుకున్నాను, నా కన్ను గురించి అనుకున్నాను. ఇంట్లోనే, ఇదే వసారాలో, ఒక మనిషి ఎనభైయేళ్ళుగా ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తోందని అనుకోలేదు.

"మళ్ళీ సూదులెప్పుడు?"

"మూడో తారీకు."

"ఆలోపు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."


ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ఐనవిల్లి గుడికి వెళ్ళే ఆటోలతో రోడ్డు నిండిపోయింది. మా వీధి మొదట్లోనే పందిరి, పందిరి గుంజకి మైకు. కెజియా ఆ మైకుకి ఎదురుగా వసారాలో మధ్యాహ్నమంతా నిద్రపోయింది. వదిన జోకొడుతూ, తనే చెవులు మూసుకుంది.

చెప్పలేదు.


ఆగస్టు 30, శనివారం

చెప్పలేదు.


ఆగస్టు 31, ఆదివారం

వదిన కొబ్బరి కోరుతూ, "ఏంటే, నాలుగు రోజులబట్టీ నా చుట్టూ తిరుగుతున్నావు? ఏదో చెప్పాలని వస్తన్నావు, నీళ్ళు తాగి పోతన్నావు. ఎవరినైనా చూసుకున్నావా ఏంటి కొంపదీసి? మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను, చెప్పు" అంది. కన్ను కూడా గీటింది.

అదయినా ఎంత బాగుండేది. నీళ్ళు తాగి వచ్చేశాను.

మామ్మ నన్ను ఏమీ అడగడంలేదు. అన్నం మాత్రం నాతో తినడంలేదు.


సెప్టెంబరు 3, బుధవారం

వదిన పక్కనుండగానే చెప్పాను. ముందు వదినకి విడిగా చెప్పే ధైర్యం చివరిదాకా రాలేదు. డాక్టరుగారి ముందైతే గట్టిగా తిట్టదని ఒక లెక్క కూడా ఉంది నాకు. అదీ రాసి పెట్టాలి.

"డాక్టరుగారూ, మొదటిసారి వచ్చినప్పుడు మీరడిగినదానికి నేను అబద్ధం చెప్పానండి."

"ఏమడిగేనమ్మా?"

"ఇంట్లో ఎవరికైనా వినపడదా అని. నాకు ఎడమచెవి వినపడదండి, పుట్టుకతోనే. ఈ కంటికి లెన్సు పెట్టుకుంటాను, ఇది నీలం. మా నాన్నగారికి రెండు చెవులూ సరిగా వినపడేవి కావండి. అన్నయ్యకి ముందు జుట్టు తెల్లన. మా మామ్మకి కన్ను. మామ్మవాళ్ళ అమ్మకి జుట్టు. దొర లేడండి."

ఆఖరి మాటకి సూదిమందు తెస్తున్న నర్సు ఆగిపోయి చూసింది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అప్పుడు లేదన్నారు కదమ్మా. నేనూ మీ మాట పట్టుకుని వదిలేసుండకూడదు. ఎనిమిది వారాలు పోయాయి." పాప తలవెనక చప్పట్లు కొట్టారు. ఇంకోసారి కొట్టారు. తర్వాత కాకినాడకి చీటీ రాశారు. వదినకి ఏవేవో నెమ్మదిగా చెప్పారు. వదిన అన్నిటికీ అలాగేనండి, అలాగేనండి అంది.

బస్సులో నా పక్కనే కూర్చుంది, వేరే సీటు లేదు కాబట్టి. ముక్తేశ్వరం దాటాక అడిగింది.

"నీకు వినపడదని చెప్తే నేనేమన్నా అనేదాన్నా?"

"అనేవారు కాదు వదినా." ఎప్పుడూ నువ్వు అనేదాన్ని, మీరు అనేశాను.

"మరి?"

కిటికీలోంచి అరటితోటలు పోతున్నాయి.

"బేండుమేళానికి లేవలేదని ఎంతమందికి చెప్పుకున్నానో తెలుసా? గొప్పగా. మా పిల్ల శాంతం, మా పిల్ల శాంతమని." పాప టోపీ సరిచేసింది. "అప్పుడైనా చెప్పొచ్చు కదే. ఫోన్లో నువ్వు ఊ కొట్టేవు."


సెప్టెంబరు 12, శుక్రవారం

కాకినాడ. పాపని నిద్రపుచ్చి, నుదుటికీ చెవులవెనకా తీగలు అంటించి, చెవుల్లోకి శబ్దం పంపించారు. తెరమీద గీత వంకర తిరగాలట. మేం ముగ్గురం గీతనే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపు అది తిన్నగా పోయింది.

రెండు చెవులూ. కుడిదాంట్లో వినికిడి కొంచెం మిగిలింది. ముందు యంత్రాలు, అవి చాలకపోతే ఆపరేషను మాట ఏడాదికి చూద్దామన్నారు. "మరీ ఆలస్యమేం కాలేదండి" అంది పరీక్ష చేసిన అమ్మాయి. "కానీ ముందే వచ్చుంటే ఈపాటికి పెట్టేసేవాళ్ళం." ఆ అమ్మాయి మామూలుగా అంది. అన్నయ్య నావైపు చూడలేదు.

బయట టీ తాగుతూ వాడన్నాడు, "టోపీ పెట్టింది నేనేలే." అది నన్ను ఓదార్చడమో, తనని తాను తిట్టుకోవడమో తెలియలేదు. గ్లాసు కింద పెట్టి, "కానీ నాకు చెవి సంగతి తెలీదే. నీకు తెలుసు" అన్నాడు.


సెప్టెంబరు 18, గురువారం

లెన్సు పెట్టుకోకుండా కాలేజీకి వెళ్ళాను. ఏమడిగితే ఏం చెప్పాలో ఆటోలో మనసులోనే వల్లె వేసుకున్నాను.

సౌజన్య చూడగానే, "అబ్బ, నీలం లెన్సా? ఒక కంటికే పెట్టేవేంటి, కొత్త స్టైలా? ఎక్కడ కొన్నావే?" అంది.

ఆన్‌లైన్లో అన్నాను.

ఇంటికొచ్చి చాలాసేపు పళ్ళు తోముకున్నాను.


అక్టోబరు 5, ఆదివారం

సాక్ష్యాల వేళ మామ్మ లేచింది. మా చర్చిలో ఎవరికైనా జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా లేచి దేవుడి మేలు చెప్పుకుంటారు. మామ్మ నాకు తెలిసి ఎప్పుడూ లేవలేదు. చాపమీదనుంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవలసొచ్చింది.

"మా యమ్మ మార్తమ్మ" అంది. మైకు దూరంగా ఉంది, పాస్టరుగారు తెచ్చి పట్టుకున్నారు. "మా యమ్మ మార్తమ్మ మంచిదండి. ఈ కన్ను మా యమ్మ వైపునించి వచ్చిందండి. రోగమండి ఇది, ఒంట్లో పుట్టేది. దేవుడు నేను పోయేలోపు ఆ సంగతి తెలియజేసేడు, వందనాలు. నా మనవరాలు నిర్మల పుస్తకంలో చదివింది. అడగండి దాన్ని."

కూర్చుంది.

రెండువందల తలలు నా వైపు తిరిగాయి. పాస్టరుగారు మైకు నా దగ్గరికి తెచ్చారు. ఇంటర్ పిల్లలకి వారానికి పద్దెనిమిది గంటలు పాఠం చెప్పే మనిషిని, మైకు రెండు చేతులతో పట్టుకున్నాను. అవునండీ అన్నాను. మామ్మ చెప్పింది నిజమండీ. మాకు తరతరాలుగా వచ్చే లక్షణమండీ. దానివల్లే నాన్నగారికి వినపడేది కాదు, నాకూ ఒక చెవి వినపడదు, పాపకి రెండూ వినపడవు. నాకు ఆరేళ్ళబట్టీ తెలుసండీ. చెప్పలేదండీ.

కూర్చున్నాక వెనకనుంచి ఎవరో పెద్దావిడ, నా మంచి చెవిలో పడేలాగే, "అయితే దొర కాదన్నమాట" అంది. ఏదో పోగొట్టుకున్నట్టు. అమ్మ తల దించుకుంది. తనకి ఉన్న ఒక్క గొప్పా నేను నలుగురిలో తీసేశాను.

భోజనాల దగ్గర మామ్మ తన పళ్ళెం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. పులుసు బాగుందంది, అంతే. నల్లద్దాలు అలాగే ఉన్నాయి. తియ్యలేదు. ఎందుకు తీస్తుంది, ఆ కన్ను దాచుకోవడం ఎనభైయేళ్ళ అలవాటు.

వదిన పాపకి పాలు పట్టాలని ముందే వెళ్ళిపోయింది. నేను చెప్పింది తను వినలేదు. అసలు తను వినాలనే అక్కడ చెప్పానేమో కూడా. తెలియదు.


అక్టోబరు 19, ఆదివారం

మొన్న శుక్రవారం యంత్రాలు పెట్టారు. గులాబీరంగువి. ఊడి పడిపోకుండా దారం కట్టి గౌనుకి పిన్ను పెట్టారు. పాపని గట్టిగా హత్తుకుంటే కీచుమంటాయి. పెట్టిన వెంటనే ఏడుస్తుందేమో, నవ్వుతుందేమో అని అందరం చూశాం. ఏమీ చెయ్యలేదు. పైన తిరిగే ఫ్యాను చూసింది.

"వెంటనే తిరగదండి" అంది కాకినాడలో పరీక్ష చేసిన అమ్మాయి. "శబ్దమనేది ఒకటుందని ముందు తెలియాలి కదా. రోజూ పిలుస్తుండండి. వెనకనుంచి, ఒకటే పేరుతో. వారాలు పట్టచ్చు, నెలలు పట్టచ్చు."

వదిన నాతో అవసరమైనంత మాట్లాడుతుంది. ఉప్పు, తువ్వాలు, తలుపు. ఇవాళ మధ్యాహ్నం వసారాలో బొంత పరిచి పాపని బోర్లా పడుకోబెట్టింది. నేను దాటి వెళ్ళబోతుంటే, "కూర్చో" అంది.

కూర్చున్నాను.

"పొద్దుట్నించీ పిలుస్తున్నాను, గొంతు పోయింది. నువ్వు పిలువు."

"నేనా?"

"మరెవరు? మేనత్తవి కాదా?" పాప వీపుమీద చెయ్యి వేసింది. "ఇంకో సంగతి. ఇది పెద్దదయ్యాక నువ్వే చెప్పాలి, ఏ వారం ఏం జరిగిందో. గ్లాసు పడేసినదీ, ఫోన్లో ఊ కొట్టినదీ, అంతా. నేను చెప్తే చాడీ చెప్పినట్టుంటుంది."

గ్లాసు సంగతి తనకి తెలుసని నాకు తెలియదు. ఆరోజు పాలు పడుతున్నది తనే. నా చేతుల్లో పట్టులేదని తనెప్పుడూ నమ్మలేదేమో.

"ఆయ్ వదినా" అన్నాను.

"అది దాని భాషలో అడుగుతుంది. మాటల్తోనో, చేతుల్తోనో. ఎలా అడిగినా చెప్పాలి."

"ఆయ్."

"ఊఁ. పిలువు."

పాప వెనక మోకాళ్ళమీద కూర్చుని పిలిచాను. కెజియా. నా గొంతు నాకే అందలేదు.

"సిగ్గు తరవాత పడుదువుగాని" అంది వదిన. "గట్టిగా పిలువు."

గట్టిగా పిలిచాను. గోడ అవతల ఎవరో తొంగిచూశారు. పాప తిరగలేదు. మళ్ళీ పిలిచాను.